ఆఖరి మేత

"ఆడ వాన పడతాండాదా?" అని అడిగాడు మురళీధర్ ఫోనులో. తిట్టలేదు, అరవలేదు. పెళ్లయిన పదకొండేళ్లలో పెళ్లాన్ని ఏ సంగతీ అంత మెత్తగా అడిగినవాడు కాదు, అందుకే హేమావతికి మొదట ఏమీ తట్టక, షెడ్డు కిటికీకి కట్టిన తడి గోనెపట్టా కాస్త పక్కకు లాగి ఆకాశం వైపు చూసింది కూడా. నలభై రోజులుగా చుక్క రాలని ఆకాశం. మే నెల ఎండకు పొద్దున పదింటికే పైన రేకులు టపటపమంటున్నాయి. వాన యాడుండాది అనబోయింది, అనబోయి నోరు మూసుకుంది, ఎందుకంటే ఆ మాట ఎక్కడిదో అప్పుడు గుర్తొచ్చింది, గుర్తొచ్చిన మరుక్షణం పట్టా వదిలేసింది. "మదనపల్లిలో టీ అంగట్లో ఉండాను. ఈడ అందురూ నీ మాటలే ఇంటాండారు. బాగా మాట్లాడినావు మే. ఆడనే ఉండు, గంటలో వస్తా," అన్నాడు, అని పెట్టేశాడు. వెనక ఎవరో నవ్వడం వినిపించింది. మొగుడి గొంతు కంటే ఆ నవ్వే ఆమెను ఎక్కువ భయపెట్టింది. మురళీధర్ ఆకలికి ఓర్చుకుంటాడు, పంట పోతే ఓర్చుకుంటాడు, నలుగురు నవ్వితే మాత్రం ఓర్చుకోలేడు. నవ్విన నలుగురినీ ఏమీ అనలేడు కాబట్టి ఇంటికొచ్చి ఆమెను కొడతాడు.

వాన కాదు అది. ఐదు రోజుల కింద ఇదే షెడ్డులో, ఇదే మూలలో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, రేడియో కార్యక్రమంలో సలహాలు చెప్పే ఆ డాక్టరమ్మకు ఫోన్ చేసినప్పుడు వెనక వినిపించింది పట్టుపురుగుల మేత. పురుగు మేత మాని, కదలకుండా పడుకుని చర్మం విడిచే రోజుల్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిందంటే ఇక దానికి ఆకలి తప్ప ఇంకోటి తెలియదు, వేసిన మల్బరీ ఆకు వేసినట్టే కొరికేస్తుంది, డెబ్బై ఎనభై వేల నోళ్లు ఒక్కసారే కొరుకుతుంటే అచ్చం ఆకుల మీద వాన పడ్డట్టే ఉంటుంది. "మీ వైపు వాన పడుతున్నట్టుందమ్మా," అంది డాక్టర్ కమలాక్షి. ఎంత చక్కటి గొంతో ఆవిడది, కాలుతున్న నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టుంటుంది. "ఆ చప్పుడు వింటూ కాసేపు కళ్లు మూసుకోండి, మనసుకు ఎంతో నెమ్మది," అని కూడా అంది. "అవును మేడం, వాన," అంది హేమావతి. ఎందుకంది? పురుగులంటే పట్టు పండించే ఇల్లని తెలిసిపోతుందని. పెద్ద తెలివి చూపించాననుకుంది. ఆ తెలివి తగలెయ్య. రేడియోలో వేసేటప్పుడు పేరు తీసేశారు, గొంతు మార్చి లావు చేశారు, ఊరు చెప్పకుండా పుంగనూరు దగ్గర ఒక సోదరి అన్నారు, చప్పుడు మాత్రం అలాగే ఉంచేశారు, మనసుకు నెమ్మది కదా. పుంగనూరు చుట్టుపక్కల పురుగు పెంచేవాడెవడైనా ఆ చప్పుడు నిద్రలో విన్నా పోలుస్తాడు. ఈ ఎండకు ఊళ్లో మిగతావాళ్ల పురుగులన్నీ మూడో జ్వరంలోనే చచ్చిపోయాయి. ఆఖరి మేతకొచ్చిన పురుగు వీళ్ల షెడ్డులో తప్ప ఇంకెక్కడా లేదు, కిటికీలకు గోనెపట్టాలు కట్టి, గంటగంటకూ తడిపి బతికించింది తనే. తన చేత్తో బతికించుకున్నవే తనను పట్టిచ్చాయనుకుంటే ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది, నవ్వేసరికి పోయిన నెల చిట్లిన పెదవి లాగింది.

మదనపల్లి నుంచి పుంగనూరు ముప్పై కిలోమీటర్లు, పుంగనూరు దాటి పలమనేరు రోడ్డులో ఇంకో పన్నెండు, అక్కడ ఎడమకు తిరిగితే ఊరు. బండి మీద ఎప్పుడూ గంటే. ఇప్పుడు బయలుదేరి ఉంటాడు. పొద్దున చంద్రికలు అద్దెకు మాట్లాడదామని వెళ్లాడు, పండిన పురుగును ఎక్కించి గూడు కట్టించే వెదురు తట్టలు, రేపో ఎల్లుండో కావాలి. మాట్లాడాడో లేదో, మాట్లాడకుండా వచ్చేస్తే పురుగులెట్లా అనుకుంది, అనుకుని తన మీద తనకే అసహ్యం వేసింది. ప్రాణం మీదికొచ్చిన ఆడదానికి చంద్రికల చింత చూడండి. కానీ చేతులు ఆగలేదు. పదిన్నర మేత వేళ అయింది. గుమ్మం దగ్గర తడిగుడ్డ కప్పిన మల్బరీ కొమ్మల మోపులోంచి ఒక చంక నిండా ఎత్తుకుని, మొదటి ఇటుక మీద కాలు పెట్టింది. చివరి రోజుల్లో పురుగు ఒళ్లు చేస్తుంది, చోటు చాలదు, అందుకని నడిచే దారి మీద కూడా కొమ్మలు పరిచి పురుగుల్ని వదిలారు. గోడ నుంచి గోడ దాకా నేలంతా పురుగే, మధ్యలో అడుగుకొకటి చొప్పున ఇటుకలు పెట్టి, వాటి మీద కాలేసుకుంటూ మేత వెయ్యాలి. ఇటుక తప్పిందంటే కాలి కింద పది ప్రాణాలు పోతాయి. ఇన్ని రోజుల్లో ఆమె కాలు ఒక్కసారీ తప్పలేదు. ఒట్టి కాళ్లు, అరికాళ్లకు ఇటుకలు నున్నగా అలవాటైపోయాయి.

వెళ్లిపోవచ్చు. పదకొండుంబావుకు కుప్పం బస్సు. శాంతిపురంలో దిగితే అన్న సిద్దప్ప ఉన్నాడు, గ్రానైటు రాళ్ల పని చేస్తాడు, మాట తక్కువ మనిషి, చెల్లెలు వాకిట్లో నిలబడితే ఎందుకొచ్చావని అడగడు. కూతురు వాణి అక్కడే ఉంది, సెలవులకని పంపింది. బస్సు రోడ్డు మీద ఇంటి చెంగమ్మ దగ్గర సంచి కూడా సిద్ధంగా ఉంది: ఆధార్ కార్డు, పదో తరగతి మార్కుల కాగితం, వాణి పుట్టిన కాగితం, రెండు చీరలు. సంచి సర్దుకోమని చెప్పింది ఆ డాక్టరమ్మే. ఆ మాట విన్న రోజే సర్దింది, సర్ది చెంగమ్మ చేతికిచ్చింది. "ఎప్పుడు మే?" అని చెంగమ్మ అడిగితే, "పురుగు గూడెక్కనీ అక్కా, యారం దినాలు," అంది. వారం. పులి నోట్లో తల పెట్టి, కాస్త ఈ పని చూసుకుని తీస్తాననడమే అది. డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పి ఉంటే ఏమనేదో. ఆవిడకు పురుగంటే తెలియదు, వాననుకునే మనిషి. రోజుకు నాలుగు మేతలు, ఒక్క మేత తప్పితే పురుగు నీరసపడుతుంది, రెండు తప్పితే గూడు కట్టదు. మీ మీద చెయ్యి చేసుకున్నవాడి పంట కదమ్మా అది అంటుందేమో. పంట అతనిదే, కానీ ఆవగింజంత పురుగును కోడి ఈకతో ఆకు మీదికి తోసి పెంచింది నేను మేడం, ఈక పట్టుకున్న చెయ్యి నాది.

"ఎవురు మే ఫోను?" అని వాకిట్లోంచి అడిగింది అత్త మునియమ్మ. మేకపిల్లకు బొడ్డు దగ్గర పుండయితే పసుపు పెడుతోంది.

"ఆయనే అత్తా."

"ఏమంట?"

"వస్తాండాడంట."

"అప్పుడేనా? చంద్రికలు దొరికినాయంటనా?"

"సెప్పలా."

కొడుకు అనుకున్న వేళ కంటే ముందొస్తున్నాడంటే ఏమిటో మునియమ్మకు తెలియనిది కాదు. పసుపు చెయ్యి కడుక్కుని, మేకల తాడు విప్పడం వినిపించింది. "నేను ఇట్లా గుట్ట కాడికి తోలకపోతా," అంది, ఎప్పుడూ అనే మాటే. కొడుకు చెయ్యి లేచే రోజున ఆమె మేకలకు ఎక్కడలేని ఆకలి వేస్తుంది. తిరిగొచ్చి ఉప్పు కాపడం పెడుతుంది, మీ మామ నన్ను ఇంతకింత కొట్టినాడు, నేనుండ్లా అంటుంది. ఉంది. ఉండడం ఒక్కటే ఆమె నేర్చిన విద్య, అది కోడలికి చెప్పేసి తన పనైపోయిందనుకుంటుంది.

ఇప్పుడు మదనపల్లి పొలిమేర దాటి ఉంటాడు. తల మీద ఎండ, చెవిలో ఆ నవ్వు. మొదటిసారి కొట్టింది కూడా నవ్వు గురించే. పెళ్లయిన ఐదో నెల, అతని స్నేహితుడొకడు అన్నానికి వచ్చి ఏదో జోకు చెప్పాడు, అది మురళీధర్ మీద జోకు, హేమావతి నవ్వింది. స్నేహితుణ్ని బస్సు దాకా సాగనంపి వచ్చి, సంగటి కెలికే కట్టెతో వీపు మీద ఏడు దెబ్బలు. ఏడని ఎట్లా తెలుసు? లెక్కపెట్టింది. మొదటిది కదా, లెక్క ఉంది, తర్వాతవాటికి లేదు. ఎడమ చెవి ఆ తర్వాతి ఏడాది పోయింది, అరచేత్తో కొట్టాడు, లోపల ఏదో చిన్నగా తెగింది, తడి దారం తెగినట్టు, ఆ తర్వాత ఆ వైపు ప్రపంచం లేదు. అందుకే ఫోను ఎప్పుడూ కుడి చెవికే. చిటికెన వేలు వంకర. అది పంపు రూములో. పురుగులున్న రోజుల్లో ఇంట్లో గొడవ పనికిరాదు, గొడవకు పురుగు బెదురుతుంది అంటాడు, అందుకని చెయ్యి పట్టుకుని బోరు దగ్గర పంపు రూముకు తీసుకుపోతాడు, లోపలికి తోస్తాడు, మోటారు ఆన్ చేస్తాడు, ఆ తర్వాతే మొదలుపెడతాడు. ఆ రోజు ఆమె తలుపు పట్టుకుంటే తలుపు మూశాడు. వేలు సందులో ఉంది. మూసి పట్టుకున్నాడు. ఆమె అరుపు మోటారు మింగేసింది, బయట మల్బరీ మళ్లలో నీళ్లు గలగలా పారాయి, చక్కగా, సాళ్లు తప్పకుండా. ఎముక విరిగిన చప్పుడు తనకు వినపడలేదు, అతనికి వినపడిందేమో.

తెలిసి కొడతాడా, తెలియక కొడతాడా? ఆ డాక్టరమ్మను ఆమె అడిగింది ఈ ఒక్క ముక్కే. ఎట్లా తప్పించుకోవాలని అడగలేదు, ఎవరికి చెప్పుకోవాలని అడగలేదు. "మేడం, ఆయనకు తెలిసే కొడతాడా, తెలీక కొడతాడా?" అంది. ఆ రోజు కార్యక్రమంలో డాక్టరమ్మతో పాటు భరత్ అని ఒకాయన కూడా ఉన్నాడు, కుటుంబ సంబంధాల మీద శిబిరాలు పెడతాడట, హార్స్లీ హిల్స్ మీద భార్యాభర్తల్ని రెండు రోజులు కూర్చోబెట్టి మాట్లాడిస్తాడట. ఆయన అందుకున్నాడు. కోపం వరద లాంటిదమ్మా, వరదలో కొట్టుకుపోయే మనిషికి ఏమీ వినపడదు, మెదడు ఆ నిమిషంలో పని చెయ్యదు, చెయ్యి దానంతటదే లేస్తుంది, తర్వాత ఆయనే బాధపడతాడు, చూడండి. మీరు పది దాకా లెక్కపెట్టండి, ఎదురు చెప్పకండి, వరద తీశాక నువ్విట్లా చేశావు అనకుండా నాకిట్లా అనిపించింది అని మొదలుపెట్టండి. డాక్టరమ్మ ఒప్పుకోలేదు, ముందు ఆమె ప్రాణం సంగతి చూడాలండీ అంది, సంచి మాట చెప్పింది. ఇద్దరూ ఎంత మర్యాదగా వాదించుకున్నారో, చారులో చింతపండా టమేటానా అన్నంత నెమ్మదిగా. హేమావతి వింటూ కూర్చుంది. సంచి మాట డాక్టరమ్మ దగ్గర తీసుకుంది, నెమ్మది మాత్రం భరత్ దగ్గర తీసుకుంది. తెలియదట. మెదడు పని చెయ్యదట. ఆ రాత్రి పదకొండేళ్లలో మొదటిసారి మొగుడి పక్కన పడుకుని అతని మీద జాలిపడింది. మూర్ఛ వచ్చిన మనిషి కాలు తగిలితే తప్పు పడతామా? తెలియనివాడితో బతకొచ్చు. తెలిసి కొట్టేవాడైతే ఈ పదకొండేళ్లూ ఏమవుతాయి? తను కాపురమనుకున్నదానికి పేరు ఏం పెట్టాలి? అందుకే వారం ఆగుదామనుకుంది. పురుగు ఒక సాకు, అసలు సంగతి ఇది, ఇప్పుడు ఇటుక మీద ఒంటికాలి మీద నిలబడి తనతో తను నిజం చెప్పుకుంటోంది.

బోయకొండకు తిరిగే దారి దాటి ఉంటాడు. ఆ రోడ్డులో టమేటా లారీలు మనిషిని మనిషిలా చూడవు. ఒక లారీ రావాలి. మలుపులో, ఎండ కంట్లో పడి, ఒక్క క్షణం చాలు. బండి ఒక వైపు, అతను ఒక వైపు, పైన క్రేట్లు ఒక్కొక్కటే జారి పడాలి, రోడ్డు నిండా ఎరుపు, ఏది టమేటానో ఏది తలకాయో ఎవరికీ తెలియకూడదు. జనం ముందు టమేటాలు ఏరుకుంటారు. ఆ తర్వాత చూస్తారు. హేమావతి కొమ్మలు పరుస్తూ పరుస్తూ ఆ చిత్రాన్ని మళ్లీ మొదటి నుంచి చూసుకుంది, ఈసారి లారీని ఇంకాస్త నెమ్మదిగా ఎక్కించింది. ఒళ్లు వెచ్చబడింది. షెడ్డు మూల ఫార్మలిన్ డబ్బా ఉంది, పురుగులు రాకముందు గోడలకు కొట్టే మందు, ఆ ఘాటుకు కళ్లు కుండల్లా కారతాయి. ఎన్నిసార్లు దాన్ని రాగి సంగట్లో కలిపింది మనసులో, ఎన్నిసార్లు అతను ముద్ద మింగి గొంతు పట్టుకున్నాడు. ఒకసారి కొడవలితో, అతను నిద్రపోతుంటే, మెడ కింద నుంచి. ఒకసారి మోటారు వైరుతో. మనసులో అతన్ని ఆమె చంపినన్ని సార్లు అతను ఆమెను కొట్టి ఉండడు. పొద్దున లేచి మళ్లీ అతనికే టీ పెట్టింది, చక్కెర సరిపోయిందా అని కూడా అడిగింది. మంచి ఇల్లాలు అని ఊరు అనుకుంటుంది. ఊరికేం తెలుసు, ఈ మంచి ఇల్లాలి తలలో ఎంత నెత్తురుందో.

ఫోన్ చేసింది. ఆ కార్యక్రమం నంబరుకు. ఎందుకో తెలియదు, ఆ గొంతు ఒకసారి వినాలనిపించింది, అంతే. ఎవరో అమ్మాయి ఎత్తింది. "నమస్కారమండీ, నేను అర్చన, చెప్పండి."

"డాక్టరమ్మ ఉండాదా అమ్మా?"

"మేడం రికార్డింగులో ఉన్నారండీ. మీ సమస్య ఏంటి? దాంపత్యమా, పిల్లలా, ఒత్తిడా?"

హేమావతి ఆలోచించింది. మూడింట్లో ఏదో చెప్పాలి. "మా ఆయన వస్తాండాడు," అంది.

"మంచిదండీ. ఇద్దరూ కలిసి మాట్లాడితే ఇంకా బాగుంటుంది. మంగళవారం నాలుగింటికి రాసుకోమంటారా?"

"రాసుకో," అంది హేమావతి, పెట్టేసింది. ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. ఎవరో చిన్నపిల్ల, చెప్పమన్నది చెబుతోంది. మంగళవారం నాలుగింటికి తను ఎక్కడుంటుందో అనుకుంది, మంచం మీదా, మట్టి కిందా. మట్టి కిందైతే అర్చన ఫోన్ చేసి చేసి విసుక్కుంటుంది.

పుంగనూరు దాటి ఉంటాడు. పదకొండు కావొచ్చింది. వేసిన కొమ్మల మీదికి పురుగులు పాకి మేత మొదలుపెట్టాయి, చప్పుడు నెమ్మదిగా పెరిగి షెడ్డంతా నిండింది. సగమే వేసింది, సగం మిగిలింది. ఇప్పటికైనా వెనక తలుపు తీసుకుని చెంగమ్మ ఇంట్లో దాక్కోవచ్చు. కాళ్లు కదలవు. భయం వల్ల కాదు, లేదూ భయం వల్లే, కాని ఇంకోటి కూడా ఉంది, వచ్చేవాడి ముఖం చూడాలనుంది. ఎప్పుడూ దెబ్బలకు తల దించుకునే ఉంటుంది, కళ్లు మూసుకునే ఉంటుంది, వరద వచ్చిన మనిషి ముఖం ఎట్లా ఉంటుందో ఇంతవరకూ చూడలేదు. ఈసారి చూస్తుంది. చూసి చస్తుంది. ఇంకో చంకెడు కొమ్మలు ఎత్తుకుని, షెడ్డు నట్టనడుమ ఇటుక మీద నిలబడి, గుమ్మం వైపు తిరిగింది. అప్పుడు కుడి చెవికి బండి చప్పుడు వినిపించింది, మలుపు దగ్గర గేరు మార్చడం, వాకిట్లో ఆగడం.

వచ్చాడు. ఆకు నరికే మచ్చుకత్తి బయట మోపు పక్కన ఉంటుంది, అది చేతిలో ఉంది. చొక్కా చెమటకు వీపుకంటుకుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, దవడ బిగిసి ఉంది. ఇదే వరద అనుకుంది. ఒకటి అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది, భరత్ చెప్పినట్టు. గుమ్మంలో బ్లీచింగు నీళ్ల తొట్టి, దాని ముందు అతను ఆగాడు. కత్తిని గోడకు ఆనించాడు. ఎడమ చెప్పు విడిచాడు, కుడి చెప్పు విడిచాడు, వంగి రెండూ జతగా సర్ది పక్కన పెట్టాడు. తొట్టిలో ఒక కాలు పెట్టాడు, మడమ రుద్దాడు, వేళ్ల సందులు రుద్దాడు, రెండో కాలు పెట్టాడు. మగ్గుతో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. కత్తి తీసుకున్నాడు, చూశాడు, దాని అలుగుకు మట్టి ఉంది, బయటి మట్టి తగిలితే పురుగుకు రోగమొస్తుంది, దాన్ని కూడా తొట్టిలో ముంచి, తిప్పి ముంచి, నీళ్లు విదిలించాడు. హేమావతి ఆరు దగ్గర లెక్క ఆపేసింది. అప్పుడతను మొదటి ఇటుక మీద కాలు పెట్టి, పురుగు బెదరకుండా, గొంతు బాగా తగ్గించి, "బయటికి రా. పంపు రూముకు పోదాం," అన్నాడు.

అతనికి తెలుసు. అంత ఎండలో, అంత కోపంలో, చంపడానికొస్తూ, వేళ్ల సందులు మరిచిపోలేదు. మోటారు ఆన్ చేసే చెయ్యి కూడా ఇదే కదా. పంపు రూము దాకా చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయేవాడే, దారిలో ఎవరైనా ఎదురైతే ఆకు బాగా వచ్చిందని మాట్లాడేవాడే, అంత దూరం, అంతసేపు, ఏ వరద ఆగుతుంది? స్నేహితుణ్ని బస్సు ఎక్కించి వచ్చి కొట్టాడు. తెలుసు. మొదటి ఏడు దెబ్బల నుంచి తెలుసు. వేలు సందులో ఉందని తెలుసు. ఆమె గుండెలో ఏదో చాలా మెల్లగా చల్లబడింది, అది బాధో సుఖమో చెప్పలేం, పదకొండేళ్లు పట్టుకుని వేలాడిన తాడు తెగి, కింద నేల రెండడుగుల్లోనే ఉందని తెలిసినట్టుంది. అప్పుడామె ఇటుక మీది నుంచి కుడికాలు తీసి, పక్కన పురుగుల మీద పెట్టింది. మెత్తగా, చల్లగా, కాలి కింద నలిగాయి. పచ్చటి నీళ్లు వేళ్ల మధ్య నుంచి పైకొచ్చాయి.

"మే," అన్నాడు మురళీధర్. అరవలేదు, ఇప్పుడు కూడా అరవలేదు. "మే, కాలు తీయ్. పురుగు మే."

ఆమె కదల్లేదు.

"కాలు తీయ్ హేమా. నేనేమీ సెయ్‌ను. నీ మీద సెయ్యి ఎయ్‌ను. సూడు, కత్తి పెట్టేస్తాండా," అంటూ నిజంగానే వంగి, కత్తిని ఇటుక మీద చప్పుడు కాకుండా పెట్టాడు, పెట్టి రెండు చేతులూ చూపించాడు. ముఖంలో దవడ వదులైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని కళ్లలో నీళ్లు ఆమె చూడడం అదే మొదలు. ఒక్క నిమిషంలో, అంత కోపమూ, ఎక్కడికి పోయిందో అక్కడికి పోయింది.

"నీకు ఆపుకోను వస్తాది," అంది హేమావతి. "ఇన్నేండ్లూ వస్తానే ఉండె."

అతనికి అర్థమైందో లేదో, పట్టించుకోలేదు, ఆమె కాలి కిందే చూస్తున్నాడు. ఆమె రెండో కాలు కూడా దించింది. చంకలో కొమ్మలు జారవిడిచింది. వెనక తలుపు దాకా ఇరవై అడుగులు, ఇరవై అడుగులూ ఇటుకలు చూడకుండా నడిచింది, కావాలనే, ఒక్కో అడుగూ బరువుగా నొక్కి, తన చేత్తో ఈకతో తోసి పెంచినవాటి మీదే, ఏడుస్తూ, పళ్లు బిగించి. పాపం అవేం చేశాయి, ఏమీ చెయ్యలేదు, తనూ ఏమీ చెయ్యలేదు. వెనక అతను రాలేదు. రావాలంటే పురుగు తొక్కాలి, లేదా ఇటుకలు చూసుకుంటూ రావాలి. గడియ తీస్తూ తిరిగి చూస్తే, మోకాళ్ల మీద కూర్చుని నలిగినవాటి మధ్య నుంచి బతికినవాటిని ఒక్కొక్కటే రెండు వేళ్లతో ఎత్తి తువ్వాలులో వేస్తున్నాడు. ఎంత సున్నితంగా ఎత్తుతున్నాడో. ఆ వేళ్లకు అంత సున్నితం తెలుసని కూడా ఆమెకు ఈ రోజే తెలిసింది.

చేను గట్టున పడి నడిచింది, పరుగెత్తలేదు, కాళ్లకు పచ్చటి జిగురు, దానికి మట్టి. చెంగమ్మ వాకిట్లోనే ఉంది, ఆ కాళ్లు చూసి ఏమీ అడక్కుండా సంచి తెచ్చి ఇచ్చింది, తన చెప్పులు విప్పి ఇచ్చింది. బస్సు పావుగంట ఆలస్యంగా వచ్చింది, ఆ పావుగంటలో రోడ్డు మీద బండి చప్పుడు కోసం కుడి చెవి ఒక్కటే ఒళ్లంతా అయి నిలబడింది, బండి రాలేదు. ఎక్కి కుప్పం టికెట్టు తీసుకోబోయి, కాదు శాంతిపురం అంది. పలమనేరు దాటేదాకా సీటు కడ్డీ వదల్లేదు. అప్పుడొచ్చింది వాణి గుర్తుకు. సెలవులకని పంపలేదు దాన్ని. ఉగాది ముందు రోజు, పాలు ఒలకబోసిందని, ఆకు దూసిన మల్బరీ కొమ్మతో కొట్టింది, కాళ్ల మీద, వీపు మీద, పిల్ల గోడ మూలకు పోతే అక్కడికి పోయి మరీ కొట్టింది. మధ్యలో వాకిట్లోకి చెంగమ్మ వచ్చిన అలికిడైతే కొమ్మ వెనక దాచి, రా అక్కా అని నవ్వింది. ఆ రాత్రి పిల్ల వాతలకు కొబ్బరినూనె రాస్తూ, నా చెయ్యి దానంతటదే లేచింది బంగారూ అంది. వాణి నమ్మింది, ఎనిమిదేళ్ల పిల్ల, అమ్మ చెబితే నమ్మదా. తన నుంచి దాన్ని కాపాడదామనే అన్న దగ్గరికి పంపింది. శాంతిపురంలో దిగగానే వాణి పరుగెత్తుకొచ్చి నడుము పట్టుకుంటుంది. పట్టుకోనిచ్చి, ఆ తర్వాత కూర్చోబెట్టి, చెయ్యి దానంతటదే లేవలేదమ్మా, నేనే లేపాను అని చెప్పాలి.